నలభై ఏడో పేజీ

"జేబులు చూపియ్యి" అన్నాడు పాస్టర్ సత్యరాజు.

వెంకటేశం జేబులు తిరగేశాడు. బస్ పాసు, పెన్ను, చేతిరుమాలు, సగం తిన్న బఠాణీల పొట్లం బల్ల మీద పడ్డాయి. కాగితం లేదు.

"సంచి?"

సంచీ కూడా బోర్లించాడు. టిఫిన్ డబ్బా మూత ఊడి గచ్చు మీద దొర్లింది. ఎవరూ తీయలేదు.

పటాన్‌చెరు చర్చి వెనక గదిలో నలుగురే ఉన్నారు. పాస్టర్, బడిపంతులు సత్యానందం, ఆయన కూతురు సుకుమారి, వెంకటేశం. బల్ల మీద 1900 నాటి బాప్తిస్మ రిజిస్టరు తెరిచి ఉంది. నలభై ఆరో పేజీ తర్వాత నలభై తొమ్మిది. కుట్టు పక్కన అంగుళం వెడల్పున చినిగిన అంచు మాత్రం మిగిలింది.

"పోయిన శనివారం మీరు లేచినంక పేజీలన్నీ నేనే చూసిన. ఉన్నయ్. అటెనక ఇయ్యాల అందరికంటె ముందు ఈ అల్మారీ కాడికి వచ్చిన బయటోడివి నువ్వొక్కనివే."

"నేను సంగారెడ్డి రికార్డు రూంల క్లర్కును అయ్యగారూ. పాత కాగితం చింపితే ఏమైతదో నాకు తెల్వదా?"

"అందుకే అంటున్న. ఏ కాగితం ఎక్కడుంటదో నీకే బాగ తెలుస్తది."

వెంకటేశం సుకుమారి వైపు చూశాడు. ఒక్క మాట చాలు. 'ఆయన అసొంటోడు కాదు' అంటే చాలు. ఆమె గచ్చు మీది పగుళ్లు చూస్తూ నిలబడింది.

సత్యానందం గొంతు సవరించుకున్నాడు. "రేపు ఆరాధన అయినంక సంఘ పెద్దలు కూచుంటరు. అప్పటిదాక పేజీ రాకపోతే కలెక్టరాఫీసుకు కంప్లైంటు పోతది. నిన్ను నమ్మిన గదా, వెంకటేశం."

తిట్టినా బాగుండేది.

ఎనిమిది నెలల కిందట, 1973 చివర్లో, సుకుమారి మొదటిసారి రికార్డు రూం కిటికీ ముందు నిలబడింది. పటాన్‌చెరులో కొత్తగా లేచిన మందుల ఫ్యాక్టరీలో ఆమె టైపిస్టు. చేతిలో పాత ఉర్దూ చీటీ.

"దీంట్ల ఏమున్నదో చదివి చెప్తరా?"

"చెప్తే ఏమిస్తరు?"

"థ్యాంక్స్ ఇస్త."

"మా ఆఫీసుల అది చెల్లదు. ఛాయ్ చెల్తది."

"గవర్నమెంటోళ్లకు ఛాయ్ తాపించుడు నేరం కాదా?"

"నేను తాపిస్త. అప్పుడు నేరం ఉండదు."

ఆమె నవ్వాపుకోలేక దగ్గింది. ఛాయ్ హోటల్లో వెంకటేశం చీటీ చదివాడు. ఫసలీ 1309, అంటే 1900, పెద్ద కరువు సంవత్సరం. 'ఈ పిల్లవాడు నా తమ్ముడు. ఏడేళ్లు. వానలు పడగానే వచ్చి తీసుకుపోతాను.' పేర్లు ఉండాల్సిన మూల చెదలు తినేసింది.

ఆ పిల్లవాడు సుకుమారి తాత పౌలు. వానలు పడ్డాయి. అన్న రాలేదు. పిల్లవాడు మిషన్ బోర్డింగులో పెరిగాడు, బాప్తిస్మంలో పౌలు అయ్యాడు, పాత పేరు, ఊరు, ఇంటిపేరు అన్నీ మరిచిపోయాడు. ఆ కుటుంబాన్ని అందరూ 'బోర్డింగోళ్లు' అనే పిలిచేవారు.

వెతకడం అలా మొదలైంది. శనివారాలు రిజిస్టరు, ఆదివారాలు ఛాయ్. అకాల వాన పడ్డ ఒక సాయంత్రం ఇద్దరూ బొంబాయి రోడ్డు మీద ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"బస్సొచ్చింది" అంది సుకుమారి.

"పోనియ్. సీట్లు లేవు."

"ఖాళీగ కనవడుతుంది గదా!"

"మనకు లేవు."

ఆ బస్సు పోయింది. దాని వెనక బస్సూ పోయింది. మూడో బస్సు కండక్టరు వీళ్లను చూసి, ఆపకుండా రైట్ అన్నాడు. సుకుమారి చెప్పులో నీళ్లు పారబోస్తూ ఎంతసేపు నవ్విందో వెంకటేశానికి ఇప్పటికీ గుర్తే.

ఇంట్లో గొడవలకు ఐదు నెలలు పట్టింది. చివరికి వెంకటేశం తల్లి కౌసల్యమ్మే దిగివచ్చింది.

"దేవుండ్ల సంగతి దేవుండ్లు సూసుకుంటరు. గని ఇంటిపేరు తెల్వని పిల్లను ఎట్ల తెస్త బిడ్డా? వరస తెల్వాలె గదా. రేపు అన్నాచెల్లెండ్లని తేల్తే ఏ బాయిల దుంకాలె?"

సత్యానందం కూడా అదే అన్నాడు. "మేం దేవుణ్ని మార్చుకున్నం గని వరస మార్చుకోలే."

అంటే ఒక్క ఇంటిపేరు దొరికితే పెళ్లి. కరువులో వచ్చిన పిల్లల పాత పేర్లు, ఇంటిపేర్లు నలభై ఏడో పేజీలో మొదలవుతాయని పోయిన శనివారం లేవబోతుంటే పాస్టరే చెప్పాడు. మిషన్ దొరల చేతిరాత పురుగు పాకినట్టుంటుంది. అప్పటికి నలభై మూడు దాకానే చదవగలిగారు. ఈ శనివారానికి పేజీ లేదు.

చర్చి గేటు దాటుతుండగా వెంకటేశానికి ఒకే ఆలోచన. సుకుమారి కూడా తనను దొంగే అనుకుంటోంది. పేజీ పోతే పోయింది, ఇంటిపేరన్నా తెచ్చి ఆమె ముందు పెట్టాలి. అప్పుడైనా నమ్ముతుంది.

నేరుగా బోర్డింగు పక్క గదిలో ఉండే మార్తమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎనభై దాటిన పాత మేట్రన్. ఆమె కూడా ఆ కరువులో వచ్చిన పిల్లే. రిజిస్టరు మీదే ఆశ పెట్టుకుని ఇన్నాళ్లూ ఆమెను అడగలేదు.

"అవ్వా, మీతోటి బోర్డింగుల పౌలు అని ఉండె గదా..."

"బాలిగాడు!" మార్తమ్మ బోసినోరు తెరిచింది. "బాప్తిస్మం గాకముందు బాలయ్య. నా గిన్నెల గంజి దొంగతనంగ తాగేటోడు. కొట్టబోతే నవ్వేటోడు."

"వాండ్ల ఇంటిపేరు యాదికున్నదా?"

"మీ ఇద్దరికీ ఏందిరా గింత పరేషాన్? బుధవారం సుకుమారొచ్చి గిదే అడిగె. చెప్పంగనే పిల్ల మొకం పాలిపోయింది. మంచినీళ్లు గూడ ముట్టకుండ పోయింది."

"ఏం జెప్పినవ్ అవ్వా?"

"మునిగడపోల్లు అని జెప్పిన. బాలిగాని అన్న పేరు లింగయ్య. ఏడాదికోపారి వచ్చి గేటు బయట నిలవడి సూసి పోయేటోడు. ఎన్నిసార్లు పిలిచినా లోపటికి రాకపోయె. బాలిగానికి సెప్పొద్దని నాతోటి ఒట్టు ఏయించుకుండు, ఇప్పుడిద్దరు పోయిరి. తమ్ముడు మతం కలిసిండని సెప్పుకోలేక, కరువుల సచ్చిపోయిండని ఇంట్ల సెప్పిండంట." ఆమె కళ్లు చిట్లించింది. "నీ ఇంటిపేరేంది బిడ్డా?"

వెంకటేశం లేచాడు.

అతను మునిగడప వెంకటేశం. లింగయ్య మనవడు.

కరువులో పోయిన ఒక తమ్ముడున్నాడని తాత చెప్పేవాడు. ఏటా పెత్రమాస నాడు, చనిపోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య రోజున, ఆ తమ్ముడి పేరున కూడా పురోహితుడికి బియ్యం ఇచ్చేవాడు. బోర్డింగు తోటలో పాదులు తవ్వుకుంటున్న పౌలుకు, బతికుండగానే, ఏటా బియ్యం ఇచ్చాడు.

ఇద్దరి తాతలూ అన్నదమ్ములు. సత్యానందం తనకు చిన్నాయన. సుకుమారి...

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఇంకో సంగతి తట్టింది. బుధవారం సుకుమారికి ఇంటిపేరు తెలిసింది. గురువారం చర్చి ఊడ్చే వంతు ఆమెది. అల్మారీ తాళంచెవి ఆ రోజు ఊడ్చేవాళ్ల చేతికే ఇస్తారు.

ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే సుకుమారి చర్చి వెనక కుళాయి దగ్గర ఎదురైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకొచ్చినవ్?"

"నేనే చింపిన అని చెప్పనీకి."

"నౌకరి పోతది."

"పోనియ్. మీ ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్‌గ నిలవడత. నువ్వు లోపటికి పొయ్యేటప్పుడు సలాం కొడత."

ఆమె నవ్వలేదు. "నీకు తెలిసిందా?"

"మార్తమ్మ చెప్పింది."

సుకుమారి కుళాయి పట్టుకుంది. "పేజీ చూసిన. బాలయ్య, మునిగడప, అన్న లింగయ్య. అన్నీ ఉన్నయ్. పొయ్యిల వేసిన. పేజీ లేకపోతే ఇంటిపేరు లేనట్టే అనుకున్న. ఇంకేదన్న పేరు చెప్పి మీ అమ్మను ఒప్పిద్దామనుకున్న. నిన్ను దొంగను చేస్తరని అనుకోలే."

"నిన్న నోరెందుకు తెరవలే?"

"తెరిస్తే ఎందుకు చింపినవని అడుగుతరు గదా. ఆ మాట నా నోటితో ఎట్ల చెప్పాలె?"

వాన తుంపర మొదలైంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. ఈసారి గొడుగు లేదు.

"నిన్నటి సంది నీ పేరు పక్కన చెల్లె అనే మాట పెట్టి చూస్తున్న" అన్నాడు వెంకటేశం. "నోరు తిరుగుతలేదు."

"ఇప్పటికి గూడ మనమిద్దరం చెప్పకపోతే ఎవ్వరికి తెల్వదు" అందామె చాలా చిన్నగా.

"మనకు తెలుసు గదా" అన్నాడు వెంకటేశం.

లోపలి నుంచి పాస్టర్ గొంతు. "వెంకటేశం వచ్చిండా?"

ఐదుగురు పెద్దలు బెంచీ మీద కూర్చున్నారు. సత్యానందం కిటికీ పక్కన నిలబడ్డాడు. పాస్టర్ ముందు కంప్లైంటు కాగితం, పక్కన సంఘం తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం ఉన్నాయి.

"ఆఖరిసారి అడుగుతున్న. పేజీ ఎక్కడ?"

"కాలిపోయింది అయ్యగారూ. చింపింది..."

"ఆయన కాదు!"

తలుపు దగ్గర సుకుమారి. చెంపల మీద నీళ్లు వానవో కావో తెలియడం లేదు.

"నువ్వు పో బిడ్డా, ఇది పెద్దల ముచ్చట" అన్నాడు సత్యానందం.

"ఆ పేజీ ఉంటే ఆయన నాకు అన్న అయితడు నాయనా." ఆమె లోపలికి వచ్చింది. "తాతను ఇక్కడ ఇడిసిపోయిన అన్న, ఈయన తాత. ఈయన నాకు అన్న కావొద్దని చింపిన. అంతే."

సత్యానందం మెల్లగా నడిచి వెంకటేశం ముందుకొచ్చాడు. అతని ముఖంలో ఏదో వెతికాడు. నుదురు చూశాడు, ముక్కు చూశాడు. తండ్రి చనిపోయి పన్నెండేళ్లయింది. ఆయన చెయ్యి పైకి లేచి, వెంకటేశం భుజం మీద వాలలేక, గాలిలోనే ఆగిపోయింది.

పాస్టర్ కంప్లైంటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేశాడు. మినిట్స్ పుస్తకం తెరిచాడు. కలం తీశాడు గానీ తల ఎత్తలేదు.

"రాయక తప్పదమ్మా. పుస్తకంల ఇంటిపేరుతో పూర్తి పేరు ఉండాలె. మీ ఇంటిపేరు కాడ ఎప్పుడూ ఖాళీ ఇడిసేటోళ్లం."

సుకుమారి వెంకటేశం వైపు ఒక్కసారి చూసింది. ఎనిమిది నెలలు ఇద్దరూ కలిసి వెతికిన పేరును మొదటిసారి తన పేరు ముందు పెట్టుకుంది.

"రాయండి అయ్యగారూ. చింపింది మునిగడప సుకుమారి."