సూది లేచేదాకా

ఆ మధ్య రాత్రి పదకొండు దాటాక ఆ మేడగది కింద ఎవరూ నడిచేవాళ్ళు కాదు. తప్పనిసరై నడవాల్సి వస్తే అవతలి గోడ వారగా, తల వంచుకుని, గబగబా దాటేసేవాళ్ళు. కింద ఎప్పుడో మూతబడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు, పక్కన ఇనుప మెట్లు, పైన ఒకే ఒక్క గది. మూడు నెలలుగా దానికి తాళమే. కరెంటు కూడా తీసేశారు. అయినా శనివారం రాత్రుళ్ళు లోపల్నుంచి ట్రంపెట్ వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు.

గస్తీ తిరిగే కానిస్టేబులు కూడా ఒకసారి విన్నాడట. మర్నాటినుంచి గస్తీ దారే మార్చుకున్నాడు. అదేమని అడిగితే, ఆ వీధిలో దొంగలు లేరులెండి అన్నాడు.

ఆ గదిలోకి వెళ్ళి తిరిగొచ్చిన మనిషి ఒక్కడే — వాచీలు రిపేరు చేసే ఆయన. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ సెలూన్ ఆయనకి చెప్పాడు. సెలూన్ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఇది మనదాకా వచ్చింది.

ఆ గది మాస్టారిది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి; పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా జాజ్ పిచ్చి, గోడ నిండా రికార్డులు, కీ తిప్పి పాడించే పాత గ్రామఫోను. ప్రతి శనివారం రాత్రి నలుగురు చేరేవాళ్ళు — మాస్టారు, వాచీల ఆయన, సెలూన్ ఆయన, మందుల షాపు కాంపౌండరు. నాలుగు కుర్చీలు. ఎవరి కుర్చీ వాళ్ళదే.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. మాస్టారు దీపం ఆర్పేసి, అట్ట చూపించకుండా, ఏదో ఒక రికార్డు పెట్టేవాడు. సూది లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. దగ్గు వస్తే దాన్ని కూడా మింగాల్సిందే. సూది లేచాక, ఆ చీకట్లోనే, మాస్టారు మెల్లిగా అడిగేవాడు.

"ఎవరిది?"

ఒక్కొక్కరే చెప్పాలి. ఆ వాయించినవాడెవడో, వెనక డ్రమ్ములు ఎవరివో, ఇది మొదటి అచ్చో తర్వాత వేసిన అచ్చో. ఆ తర్వాత దీపం వెలిగేది, తగువు మొదలయ్యేది. తెచ్చుకున్న టీ చల్లారి మీగడ కట్టేదాకా ఆగేది కాదు. తగువు ఎంత ముదిరినా చివరికి గెలిచేది వాచీల ఆయనే. ఆయనవి పాము చెవులు. రికార్డు మీద గీత ఎక్కడ పడిందో కూడా చప్పుడుని బట్టి చెప్పేవాడు. ఆ సంగతి ఆయనకి కాస్త ఎక్కువగానే తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

అసలు మాస్టారితో ఆయనకి పరిచయమైందే చెవుల వల్ల. ఎనిమిదేళ్ళ క్రితం, తాళాలు కూడా బాగుచేస్తాడని విని, పుస్తకాల అలమారా తలుపుకి తాళం పడటం లేదని మాస్టారు పిలిపిస్తే వెళ్ళి, గోడ గడియారం వంక చూసి నవ్వాడు. "మీ గడియారం కుంటుతోంది మాస్టారూ. టక్‌టిక్… టక్‌టిక్… వినండి. వంకరగా తగిలించారు."

"మా నాన్న తగిలించినప్పట్నుంచీ అంతే నాయనా. ముప్పై ఏళ్ళుగా దాని నడకే అది."

వాచీల ఆయన కుర్చీ ఎక్కి గడియారాన్ని అరంగుళం పక్కకి జరిపాడు. ఆ క్షణం నుంచి అది బుద్ధిగా, సమంగా, టిక్, టక్ అని కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు మురిసిపోయి, శనివారం రమ్మన్నాడు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆఖరి శనివారం మాస్టారు ఎన్నడూ పెట్టని రికార్డు పెట్టాడు.

ట్రంపెట్ ఒక్కటే. వెనక పియానో లేదు, డ్రమ్ములు లేవు. ఒంటరి ట్రంపెట్, నడిరాత్రి ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు. సెలూన్ ఆయనకి కళ్ళు చెమర్చాయి. సూది లేచింది.

"ఎవరిది?"

కాంపౌండరు తెలీదన్నాడు. సెలూన్ ఆయనా తెలీదన్నాడు. వాచీల ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవరిదైతేనేం, ఇది అసలు కాదు మాస్టారూ, నకలు. ఎవడో మహానుభావుడి రికార్డు పాడుతుంటే పక్కన మిషను పెట్టి ఎక్కించారు. కింద టక్‌టిక్, టక్‌టిక్ అని వినపడుతోంది చూడండి. అసలు రికార్డు మీద జంట గీతలు. చుట్టు తిరిగినప్పుడల్లా కొట్టుకుంటున్నాయి."

మాస్టారు దీపం వెలిగించలేదు.

"మా తమ్ముడు వాయించాడది," అన్నాడు. "నేను బడికెళ్ళినప్పుడు, ఈ గదిలోనే, వాయించింది వాయించినట్టు రికార్డు మీద చెక్కే మిషను ఎక్కణ్ణుంచో తెచ్చి ఒక్కడే కూర్చుని ఎక్కించాడు. సాయంత్రం నా చేతిలో పెట్టి, ఇది నేనేరా అన్నయ్యా అన్నాడు. ఆ ఏడే జ్వరం వచ్చి పోయాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. ఇది ఒక్కటే మిగిలింది. మీరు తెలీకుండా విని, వాడు బాగా వాయించాడంటే విందామని…"

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకుంటే ఆయన వాచీల ఆయన ఎందుకవుతాడు! కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

"మీ తమ్ముడు మీకు అబద్ధం చెప్పాడు మాస్టారూ. ఇరవై రెండేళ్ళ కుర్రాడు అంత బాగా వాయించలేడు."

చీకట్లో రికార్డు అట్టలోకి జారిన చప్పుడు వినపడింది. "ఇక వెళ్ళి రండి," అన్నాడు మాస్టారు. ఆ మరుసటి శనివారం తలుపు తీయలేదు. నెల తిరక్కుండానే పోయాడు. వాచీల ఆయన కడసారి చూపుకి కూడా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

తర్వాత ఆయనకి నిద్ర కరువైంది. తన మాట నిజమే అయితే సరే — నిజం చెప్పి ఓ ముసలాయన గుండె పగలగొట్టాడు. కాకపోతే? ఆ రికార్డు ఇంకొక్కసారి వింటే గానీ తేలదు.

ఆ సమయంలో మాస్టారి చెల్లెలు కొట్టుకి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది. "సోమవారం ఆ బిల్డింగు కూలగొట్టేస్తున్నారండీ. అన్నయ్య రికార్డులు మాకేం తెలుస్తాయి? మీకు కావలసినవి తీసుకెళ్ళండి."

ఆ రోజు శనివారం. పగలు వెళ్తే వీధిలో మొహాలు చూడాలి. అందుకని కొట్టు కట్టేసి, అన్నం సహించక, పదకొండింటికి టార్చి పట్టుకుని ఇనుప మెట్లెక్కాడు.

తాళం తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. తలుపు తోశాడు. బూజు వాసన. నాలుగు కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గ్రామఫోను మూత వేసి ఉంది. లోపలికి అడుగుపెట్టాడో లేదో —

టక్‌టిక్… టక్‌టిక్…

గడియారం. మళ్ళీ కుంటుతోంది.

తలుపు అదురుకి వంకరపోయి ఉంటుందిలే అనుకున్నాడు, పనివాడి బుద్ధి కదా. మరుక్షణం ఇంకో సంగతి గుర్తొచ్చింది. వారానికోసారి కీ ఇవ్వకపోతే ఆగిపోయే గడియారం అది. మూడు నెలలుగా ఎవరిస్తున్నారు?

టార్చి గోడ వైపు తిప్పబోయాడు. అది రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

కాళ్ళు తలుపు వైపు వెళ్ళలేదు. చీకట్లో, అలవాటు చొప్పున, తన కుర్చీ వైపు నడిచాయి. కూర్చున్నాడు.

పక్కనెక్కడో గ్రామఫోను కీ తిరిగింది… మెల్లిగా… కిర్రు, కిర్రు…

సూది పడింది.

అదే ట్రంపెట్.

అరవాలనుకున్నాడు. కానీ సూది లేచేదాకా నోరు విప్పకూడదు. భయంలో కూడా ఆ పద్ధతే గుర్తొచ్చింది చూడండి! పళ్ళు బిగబట్టి విన్నాడు. ట్రంపెట్ కింద, సన్నగా — టక్‌టిక్… టక్‌టిక్… తాను జంట గీతలన్న చప్పుడు. గోడ మీద — టక్‌టిక్… టక్‌టిక్…

రెండూ ఒకటే నడక. ఒకటే కుంటు.

అప్పటికి తెలిసింది ఆయనకి. అవి గీతలు కావు. ఆ కుర్రాడు వాయించింది ఈ గదిలోనే, ఈ గడియారం కిందే — అది కుంటుతున్న రోజుల్లో. దాని కుంటు మాన్పింది తనే. సాక్ష్యాన్ని తన చేత్తోనే సరిచేసి, ఎనిమిదేళ్ళ తర్వాత సాక్ష్యం లేదన్నాడు. అంత బాగా వాయించింది ఇరవై రెండేళ్ళ కుర్రాడే. ఏడుపు తన్నుకొచ్చింది. దాన్నీ మింగాడు.

సూది లేచింది.

మాస్టారి కుర్చీ కిర్రుమంది.

"ఎవరిది?"

గుసగుస. అంతే మెల్లిగా, ఎప్పటిలాగే.

"మీ… మీ తమ్ముడిదే మాస్టారూ," అన్నాడు వాచీల ఆయన. "నేనే తప్పు విన్నాను. తప్పు నాదే."

గడియారం ఆగిపోయింది.

చేతిలో టార్చి దానంతటదే వెలిగింది. గ్రామఫోను మూత వేసే ఉంది. దాని మీద దుమ్ము చెక్కుచెదరలేదు. గోడ మీద గడియారం లేదు. ఒక మేకు, దాని కింద గడియారమంత తెల్లటి మచ్చ… అంతే.

ఆఖరి శనివారం మాస్టారు ఆ అట్టని ఏ అరలో పెట్టాడో చప్పుడుని బట్టి ఆయనకి తెలుసు. అట్టని గుండెకి అదుముకుని మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలీదు.

తెల్లారగానే, అట్టలోకి తొంగైనా చూడకుండా, మాస్టారి చెల్లెలింటికి పరిగెత్తాడు. మీ చిన్నన్నయ్య అబద్ధం చెప్పలేదమ్మా అని ఒక్కరికైనా చెప్పాలి. రికార్డు వినిపించాలి. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా గోడ మీద అదే గడియారం, కాస్త వంకరగా.

"పెద్దన్నయ్య పోయిన రోజే తెచ్చుకున్నానండీ, గుర్తుగా," అంది ఆవిడ. "అప్పట్నుంచీ ఆగిపోయే ఉంది. విచిత్రమేంటంటే, రాత్రి పదకొండింటికి దానంతటదే కొట్టుకుంది. కుంటుకుంటూ, ఓ పాట పాడినంతసేపు. మీరోసారి చూస్తారా?"

ఆయన అట్ట ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రికార్డు తీద్దామని అట్టని ఒంచింది.

నల్లటి పెంకులు చాప మీద గలగలా రాలాయి. ఏడో ఎనిమిదో ముక్కలు. అరిచేతి కంటే పెద్దది ఒక్కటీ లేదు. విరిగి నెలలైనట్టు అంచుల్లో దుమ్ము.

అట్ట వెనక మాస్టారి రాత. బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉంది. పైన ఆ ఆఖరి శనివారం తారీఖు. కింద ఒకే ఒక్క మాట — నకలు.

ఆవిడ ఆ మాట చదివింది. ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తలెత్తి, ఏమీ తెలీని మనిషి అడిగినట్టే అడిగింది.

"ఇది నకలంటగా. మరి మా చిన్నన్నయ్య వాయించిన అసలు రికార్డు ఎక్కడుందండీ?"

గోడ మీద గడియారం ఒక్కసారి… టక్‌టిక్ అని… ఆగింది.