టిబేరియస్ చెంప మీద గాటు

"నాణెం మీద టిబేరియస్ రాజు మొహం నేనే కోసేశానంట ఆంటీ! ప్రొఫెసర్ గారికి ఉత్తరం కూడా రాసేశారు. స్కాలర్‌షిప్ పోతే ఇంక ఇంటికెళ్లిపోవడమే."

సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో ముందుగదే డిటెక్టివ్ కహకషాన్ ఆఫీసు. వచ్చిన పిల్ల పేరు స్పందన, చరిత్రలో పరిశోధన చేస్తోంది. ఆమె మాటలు రాసుకుంటున్న అసిస్టెంటు అభిజిత్‌కి ఒళ్లు మండిపోయింది. వెబ్‌సైటు పెట్టిన ప్రతివాడూ చక్రవర్తిలా తిరుగుతున్న రోజులవి. స్పందన మీద నేరం మోపిన సుధాకరరావు గారూ అలాంటివారే, సైట్లో పాత నాణేలు అమ్ముతారు. ఆయన రోమన్ వెండి నాణేలకు జాబితా రాసిపెట్టడమే ఈ అమ్మాయి చేసిన నేరం.

మర్నాడు పాయా లేబర్‌లోని ఆయన ఆఫీసుకు ముగ్గురూ వెళ్లారు. నాణెం కొనడానికొచ్చి, గాటు చూసి మోసమని వద్దన్న పరంధామయ్య గారినీ కహకషాన్ పిలిపించింది.

సుధాకరరావు కంప్యూటర్ తెరిచాడు. "చూడండి మేడమ్, ఏడాది క్రితం సైట్లో పెట్టిన ఫోటో. చెంప నున్నగా లేదూ? ఇప్పుడీ గాటెక్కడిది? ఈ అమ్మాయి తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"ఫోటో ఎవరు తీసిండ్రు?" కహకషాన్ అడిగింది.

"నేనే. ఇంకొకళ్ల చేతికిస్తానా?"

కహకషాన్ భూతద్దం అందించింది. "అభీ, గాటు లోపల ఏం రంగుంది?"

"నలుపు ఆంటీ. అక్షరాల సందుల్లో ఉన్న నలుపే."

ఆమె నాణెం తిప్పింది. వెనక కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ బొమ్మ. ఒడి దగ్గర నలిగి చదునైపోయింది. "వెనక ఫోటో కూడా తెరువుండ్రి."

అందులోనూ ఒడి చదునుగానే ఉంది.

"అందరూ కూర్చోండ్రి," అంది కహకషాన్. "మొన్న కోసిన వెండి తెల్లగ మెరవాలె, ఇది నల్లగుంది. ముందట ఉలితోటి కొడితే వెనక బొమ్మ నలుగుతది. ఏడాది కిందటి ఫోటోల ఒడి నలిగే ఉంది. అంటే గాటు అప్పటికే ఉంది. ఈ పిల్ల అప్పటికి సింగపూర్ల దిగనే లేదు. మరి ఫోటోల ముందటి గాటు ఏమైంది? మంచిగ కనపడాలని కంప్యూటర్ల మీరే తుడిచిండ్రు. వెనక తుడవాలని తోచలే."

"నేను మోసమన్నానని నేరం ఈ పిల్ల మీద తోశావా?" పరంధామయ్య లేచి నిలబడ్డాడు.

"నా పరువు, అంకుల్..."

"ఆమెకి లేదా పరువు?" అభిజిత్ అరిచేశాడు. కహకషాన్ వారించలేదు.

"ఇసుంటి గాట్లు మన దిక్కు దొరికిన రోమన్ నాణేల మీద మస్తుగుంటయ్," అందామె. "రాజు మొహమైతేంది, లోపల వెండేనా అని మనోళ్లు కొట్టి చూసుకున్నరేమో. అందుల దాచేదేముంది?"

సుధాకరరావు తల దించుకున్నాడు. "సారీ అమ్మా."

"నాక్కాదండీ," స్పందన టెలిఫోన్ ఆయన ముందుకు జరిపింది. "ప్రొఫెసర్ గారికి చెప్పండి. ఎందుకు తుడిచారో కూడా చెప్పండి."

ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె కూర్చోలేదు.