నూట పద్దెనిమిదో పేజీ

సాయంత్రం నాలుగు లోపల కౌస్తుభ్ చేయాల్సిన పనులు:

స్కానింగ్ టెక్నీషియన్ బ్యాడ్జ్‌తో లోపలికి వెళ్లడం.
కోడ్‌వర్డ్ చెప్పిన మనిషితో మాత్రమే మాట్లాడటం.
మూడు వందల నలభై పేజీల ఫైల్లో మార్చేసిన పేజీ ఏదో పట్టుకోవడం.
అసలు పేజీ వెనక్కి తేవడం.
లంచ్ తినడం.

చివరిది అతని బాస్ జయంతి చేర్చింది. పోయిన మిషన్‌లో అతను తినకుండా తిరిగి, సరిగ్గా పారిపోవాల్సిన సమయానికి కళ్లు తిరిగి పడిపోయాడు.

బ్రీఫింగ్ అమెరికాలోని నేపర్‌విల్ రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో, జయంతి మినీవ్యాన్‌లో జరిగింది. వెనక సీట్లో పిల్లల బూస్టర్ సీటు, సాకర్ బంతి. ఏజెన్సీలో ఆమె పద్దెనిమిదేళ్లుగా ఆపరేషన్లు నడుపుతోందని ఎవరూ అనుకోరు.

"సబ్జెక్ట్ ఎర్విన్ ష్ట్రాల్. జర్మనీలో గ్రావెన్‌టాల్ అనే ఊరికి మేయర్. నైన్టీన్ థర్టీ త్రీ నుంచి ఫార్టీ ఫైవ్ దాకా."

"నాజీయా?"

"పార్టీ కార్డ్ హోల్డర్. కుర్చీ ఎక్కిన మొదటి వారమే మున్సిపల్ ఆఫీసులో యూదు ఉద్యోగుల్ని తీసేశాడు. తర్వాత హాస్పిటల్లో డాక్టర్లని. థర్టీ ఎయిట్‌లో యూదుల ప్రార్థనా మందిరం తగలబడుతుంటే, ఫైరింజన్‌ని పక్కిళ్ల మీదే నీళ్లు కొట్టమన్నాడు. ఫార్టీ టూలో రెండు వందల పన్నెండు మంది పేర్లతో ఒక లిస్ట్. ఒక రైలు. ఎవరూ తిరిగి రాలేదు."

"యుద్ధం అయ్యాక?"

"విచారణలో ఒకటే మాట. 'నేను నిస్సహాయుణ్ని. నా ఆఫీసులో కాదనగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.' వదిలేశారు. పెన్షన్ ఇచ్చారు. ఊళ్లో బ్రిడ్జికి ఆయన పేరే."

ఆ ఆఫీసు ఫైల్ ఒకటి అమెరికన్ సైనికుడి సంచిలో ఇక్కడి ఆర్కైవ్‌కి చేరింది. అందులో ఒక్క పేజీ మేయర్ మాటని అబద్ధం చేస్తుందని పుకారు. ఇవాళ సాయంత్రం నాలుగుకి ఫైల్ పెట్టెలో జర్మనీకి తిరిగి వెళ్తోంది. ఆదివారం టౌన్‌హాల్లో అందరి ముందూ తెరుస్తారు. అదే ఊరికి మేయర్‌గా ఇప్పుడు ష్ట్రాల్ మనవడు పోటీ చేస్తున్నాడు. అతని వెనక ఉన్నది లిండెన్ సర్కిల్: పాత నాజీ అధికారుల రికార్డులు కడిగి శుభ్రం చేసే ముఠా.

"సర్కిల్‌లో మన మనిషి కృతి" అంది జయంతి.

"కృతి మన మనిషేనా?"

"మంగళవారం దాకా."

ఆ రోజు గురువారం.

*

ఆర్కైవ్ రీడింగ్ రూమ్‌లో కృతి ముందే కూర్చుని ఉంది. మెడలో సిల్క్ స్కార్ఫ్, చెవులకు ముత్యాలు, 'ఫౌండేషన్ ప్రతినిధి' అన్న బ్యాడ్జ్. బయటికి సర్కిల్ ఒక ఫౌండేషనే.

"ఏసీ ఎక్కువైంది కదా?" అంది.

"స్వెటర్ కార్‌లో మర్చిపోయాను."

కోడ్ సరిపోయింది. నమ్మకమే కుదరలేదు.

"ఏంట్రా, ఇంకా అవే బూట్లా? ట్రైనింగ్‌లో కూడా ఇవే."

"నీ ముత్యాలు మాత్రం కొత్తవి. మనవాళ్లిచ్చారా, వాళ్లిచ్చారా?"

"చెరొకటి."

కౌస్తుభ్ ఫైల్ తెరిచాడు. అతని తండ్రి రంగయ్య తెనాలి మున్సిపల్ ఆఫీసు రికార్డు రూమ్‌లో ముప్పై ఏళ్లు అటెండర్. ఇంట్లో డిగ్రీ చదివినవాడు కౌస్తుభ్ ఒక్కడే అయినా, ఫైల్ చూడటం నేర్పింది మాత్రం ఆ తండ్రే. కాగితంలో ఏముందో ఆఫీసర్లు చూసుకుంటారు, నువ్వు ట్యాగ్ కన్నం చూడరా అనేవాడు. ఫైల్ తెరిచిన ప్రతిసారీ దారం కన్నాన్ని కాస్త కోస్తుంది. ఎనభై ఏళ్ల కాగితానికి కన్నం సాగి, అంచు నల్లబడి ఉండాలి.

నూట పదిహేడో పేజీకి కన్నాలు గుండ్రంగా, పదునుగా ఉన్నాయి. నిన్న పుట్టిన కన్నాలు.

అది మేయర్ పైవాళ్లకి రాసినట్టున్న ఉత్తరం. ఈ జాబితా తన మనస్సాక్షికి విరుద్ధమట. చదివితే కన్నీళ్లొస్తాయి.

"అసలుది ఎక్కడ?" అన్నాడు గొంతు తగ్గించి.

"పొద్దున ష్రెడర్‌లో వేసేశా."

"కృతీ!"

"నేను కాకపోతే ఇంకొకరు వేసేవాళ్లు. నా మీద అరవకు."

మూడూ ముప్పై ఐదు. చెవిలోని ఇయర్‌పీస్ మోగింది.

"కౌస్తుభ్, స్టాండ్ డౌన్, ఆపెయ్" అంది జయంతి. "పైన డీల్ అయింది. మనకు కావలసిన మూడు పేర్లు సర్కిల్ ఇచ్చింది. ఫైల్ చెక్ చేసినట్టు ట్రాన్స్‌ఫర్ ఫారం మీద సంతకం పెట్టి వచ్చెయ్."

"మేడమ్, ఇది ఫేక్ పేజీ."

"తెలుసు."

"మరి?"

"నా చేతుల్లో ఏం లేదు, బాబూ. లంచ్ తిన్నావా?"

'సరే, ఏం చేస్తాం' అన్న మాట అతని నాలుక దాకా వచ్చింది. మేయరూ ఇదే అన్నాడు. కృతీ అంది. జయంతీ అంది. ఇప్పుడు తన వంతు.

ఊరికే పేజీ తిప్పాడు. నూట పద్దెనిమిది ఖాళీ కాగితం. పైన 'జాబితా' అన్న శీర్షిక, కింద గీతలు గీసిన గళ్లు, ఒక్క పేరూ లేదు. ఖాళీదే కదా అని ముఠా వదిలేసింది. దాని కన్నాలు మాత్రం పాతవి.

పెన్‌లో దాచిన టార్చ్ తీసి, కాగితానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు వేశాడు. పై పేజీ మీద ఎవరో గట్టి పెన్సిల్‌తో నొక్కి రాసిన అక్షరాలు ఈ కాగితంలోకి దిగి ఉన్నాయి. నీడల్లా లేచాయి.

'ఈ జాబితా నేను రాయను. హెడ్విగ్ లామ్, గుమస్తా.'

దాని కింద ఇంకా గట్టిగా నొక్కిన మరో చేతిరాత.

'చూశాను. ఇంకొకరికి ఇవ్వండి. ష్ట్రాల్.'

కాదన్న మనిషి ఒకరున్నారు. మేయర్‌కి ఆ సంగతి తెలుసు.

కౌస్తుభ్ ఇంకో పేజీ తిప్పాడు. నూట పంతొమ్మిది నిండా పేర్లు, వేరొకరి గుండ్రని చేతిరాతలో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా. రెండు వందల పన్నెండు. ఆవిడ రాయకపోయినా రాశారు.

మూడూ యాభై రెండు. ఫైల్ పెట్టె తీసుకెళ్లే డ్రైవర్ సీలుతో గుమ్మంలో నిలబడ్డాడు. కౌస్తుభ్ ఫారం ముందుకు లాక్కున్నాడు. రిమార్క్స్ కాలమ్‌లో అందరూ 'నిల్' అని రాస్తారు. అతను నాలుగు లైన్లు రాశాడు: 117 కొత్త కాగితం. 118ని ఏటవాలు వెలుగులో చూడండి. అక్కడున్నవి ఇవి అంటూ రెండు రాతలూ దించాడు. కింద సంతకం పెట్టాడు.

కృతి వెనక నుంచి వంగి చదివింది. "రిమార్క్స్ ఎవడూ చదవడు రా."

"ఆదివారం చదువుతారు. పెట్టె తెరిచే ముందు ఫారం మొత్తం మైకులో చదవాలని రూల్ పెట్టింది మీ సర్కిలే, ఫైల్ అసలుదేనని ఊరు నమ్మాలని."

ఆమె చేయి ఫారం మీదికి వచ్చింది. చింపితే చాలు. డ్రైవర్ వాచ్ చూసుకున్నాడు. కృతి ఫారాన్ని సరిగ్గా రెండు మడతలు పెట్టి పెట్టెలో వేసింది.

"నేనేం చూడలేదు" అంది.

మూడూ యాభై తొమ్మిదికి సీలు టక్కుమంది.

*

ఆదివారం టౌన్‌హాల్లో ఫారం చదివారు. సోమవారం మనవడు నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. బ్రిడ్జి పేరు సంగతి చూడటానికి కమిటీ వేశారు.

"ఏం చేశావు నువ్వు?" అంది జయంతి ఫోన్‌లో.

"సంతకం పెట్టమన్నారు. పెట్టాను మేడమ్."

మంగళవారం అతని ఏజెన్సీ బ్యాడ్జ్ పనిచేయడం మానేసింది. జరిగింది ఇంతే. రైలెక్కినవాళ్లలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఆ రోజు తర్వాత హెడ్విగ్ ఏమైందో చెప్పే కాగితం ఆ ఫైల్లో ఒక్కటీ లేదు.

చదివినవాళ్లకు ఒక మనవి. మేయర్ పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, ఆయనకు బ్రిడ్జి ఉంది. హెడ్విగ్ లామ్‌ని మాత్రం గుర్తుపెట్టుకోండి.