గట్టిపడని జామ జెల్లీ

శనివారం పొద్దున్నే సూరమ్మ వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. రాత్రంతా ఉంచినా జామ జెల్లీ పానకంలాగే ఉంది. తెల్లారితే చర్చిలో కోతల పండుగ, అందరూ తెచ్చిన కానుకలు వేలం వేస్తారు. ఏటా ఆమె జెల్లీ కోసం వేలంలో పోటీ పడతారు. ఆ సంగతి తాడేపల్లిగూడెంలో సగంమందికి ఆమే చెప్పి ఉంటుంది గానీ, అబద్ధం మాత్రం కాదు.

కోడలు హెప్సిబా కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఒక్క చెంచా నోట్లో పెట్టుకోగానే ఆమె మొహం మారిపోయింది.

“అత్తయ్యగారూ, ఇందులో నిమ్మకాయ పిండలేదా అండీ?”

“ఎందుకు పిండనూ? రుచి చూసుకునే దించాను.”

“పులుపే లేదండీ. జామకాయలో పెక్టిన్ ఉంటుంది, జెల్లీని గట్టిపరిచేది అదే. పులుపు చాలకపోతే ఎంత పంచదార పోసినా అది పట్టుకోదు. పైగా అంతా ప్లాస్టిక్ వాసన! వేడివేడిగా ఈ డబ్బాల్లో పోసేశారా?”

“కొత్త డబ్బాలేనమ్మా. తేలిగ్గా ఉంటాయని నెల్సన్ తెచ్చాడు.”

“కొత్తవైనా, అంత వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగుతాయండీ. మూత తీస్తేనే గుప్పుమంటోంది. మీకు తెలియలేదా?”

సూరమ్మ తుడిచిన డబ్బానే మళ్ళీ తుడుస్తోంది. హెప్సిబాకు మొన్న మాడిన పప్పు, నిన్న ఉప్పుకషాయమైన చేపల పులుసు గుర్తొచ్చాయి. వాటితోపాటు గ్యాసు కూడా. పగలంతా ఈ ఇంట్లో ఉండేది అత్తగారొక్కరే.

హెప్సిబా ఇంగువ డబ్బా తీసింది. “కళ్ళు మూసుకుని, వాసన చూసి ఇదేంటో చెప్పండి.”

“ఏంటీ పరీక్షలు? నేనేమన్నా నీ స్టూడెంటునా?”

“దండం పెడతాను, చెప్పండి.”

సూరమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపు పీల్చింది. “ఏలకులు” అంది.

మండవల్లిలో చేపల చెరువుల దగ్గరికి బయలుదేరుతున్న కొడుకు నెల్సన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎప్పట్నుంచమ్మా?”

“ఆమధ్య జ్వరం వచ్చి తగ్గిన కాణ్ణుంచీ. ఏం తిన్నా మట్టిలా ఉంటోందిరా.”

“మాకు చెప్పొద్దా? గ్యాసు లీకై ఉంటే ఏమయ్యేది?” అని అరిచాడు. తల్లి మీద అతనెప్పుడూ అలా అరవలేదు.

“చెబితే వంటింట్లోకి రానిస్తారా? మీ నాన్నగారు పోయాక నాకున్నది ఈ పొయ్యే కదరా!” సూరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఇంక వంట మానేయండి అని హెప్సిబా అనబోతోంది. ఆ మాట అక్కడే మింగేసింది. అది తన నోటి దాకా వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

“సోమవారం ఏలూరులో డాక్టరుకి చూపించుకుందామండీ. అందాకా మేం ఇంట్లో ఉన్నప్పుడే పొయ్యి వెలిగిద్దాం. వండేది మాత్రం మీరే.”

పాత జెల్లీ పారబోశారు. నల్లజర్ల నుంచి వచ్చిన జామకాయల్లో దోరవి మిగిలాయి. పెక్టిన్ ఎక్కువుండేది దోరకాయల్లోనేనని చెప్పి హెప్సిబా గాజు సీసాలు మరిగించడానికి పెట్టింది. మధ్యాహ్నానికి రసం ఉడుకు పట్టింది. సూరమ్మ నిమ్మచెక్క పిండి, కాస్త రసం చెంచాలోకి తీసుకుని, అలవాటుగా నోటి దగ్గరికి తీసుకెళ్ళి ఆగింది. ఊది ఊది చల్లార్చి కోడలి నోటికి అందించింది.

హెప్సిబాకు కన్నీళ్ళు పెదాల మీదికి కారి, జెల్లీ రుచే తెలియలేదు. “బావుందండీ” అనేసింది.

“మొహమాటపడకు తల్లీ,” అంది సూరమ్మ. “నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.”