పసుపు రాసిన సర్వే రాయి

కొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి, వెనకున్నవాళ్లకీ వినబడాలి. ముందు ఆ సూర్యనారాయణమూర్తికి ఒక దండం పెట్టుకుని మొదలెడతాను. ఎందుకంటే ఇది చీకట్లో జరిగిన సంగతి.

గెడ్డవలస దాటాక, మట్టిరోడ్డు పక్క మొక్కజొన్న చేలో ఒక సర్వే రాయి ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లకి జ్వరాలొచ్చాయంటారు. రాత్రిపూట రాతికి ఇనుము తగిలిన చప్పుడు... ఆగి, మళ్లీ... మధ్యలో ఒక ఆడగొంతు మూలుగు.

ఆ రాయి పుట్టుకతో దేవతేం కాదు. రీసర్వేకి వచ్చినవాళ్లు పాతిందే. కొలతలో తప్పు జరిగి, కూర్మమ్మ భూమి నడిమధ్యన పడింది. మొగుడు పోయాక ఆవిడకి మిగిలిన ఆధారం ఆ భూమి చెక్క ఒక్కటే. రాయికి అవతల ముక్క పక్క రైతు దేవేంద్ర చేతికి పోయింది. కూర్మమ్మ బోరు ఉన్నది ఆ ముక్కలోనే. బోరు లేకపోతే మిగిలింది బీడే కదా.

ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే రాయికి ఎవరో పసుపు రాశారు. చూసినవాళ్లు బొట్టు పెట్టారు. తర్వాత గాజులొచ్చాయి, నిమ్మకాయలొచ్చాయి, ఒక కోడి కూడా తెగింది. మన సంగతి తెలిసిందే, పసుపు కనబడితే చాలు, చేతులు వాటంతటవే కలుస్తాయి.

చివరికి ఎలాగో, రాయి తీసి సరైన చోట పాతమని ఉత్తర్వు వచ్చింది. ఊరి సర్వేయరు త్రినాథ్ కూలీలను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఈ సంగతంతా నాకు చెప్పింది అతనే, అరసవల్లిలో దర్శనం లైనులో నిలబడి. రాయిని చూడగానే ఒక కూలీ గునపం కింద పడేశాడట.

"అమ్మోరిని పెకలించమంటావేటి బావూ? మా పిల్లలు బతకొద్దా?"

ఇంకోసారి వేరే మనుషుల్ని తీసుకెళ్తే, వాళ్లు కొబ్బరికాయ కొట్టి తిరిగొచ్చేశారు. దేవేంద్ర అడ్డం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది? రోజూ ఆ రాయి దగ్గర దీపం పెట్టేది ఆయనే.

ఆ తర్వాతే చప్పుడు మొదలైంది. కదపాలని చూశారు కదా, అమ్మోరికి కోపమొచ్చిందన్నారు.

త్రినాథ్‌కి విసుగెత్తిపోయింది. పై నుంచి ఒకటే ఫోన్లు, ఇంకా ఎందుకు మార్చలేదని. ఇక తనే తీసేద్దామని ఒక రాత్రి బండి రోడ్డు మీద ఆపి చేలోకి దిగాడు.

చంద్రుడు లేడు. నీళ్లందక ఎండిన మొక్కజొన్న గలగలమంటోంది. ఒక్క కుక్క కూడా మొరగడం లేదు...

ఖణేల్—

త్రినాథ్ కాలు ముందుకు పడలేదు. సూర్యనారాయణా అని గొణిగాడు.

ఖణేల్... ఆ వెనకే మూలుగు.

ఫోను లైటు వేశాడు. రాయి దగ్గర, జుట్టు విరబోసుకుని, మోకాళ్ల మీద ఒక ఆకారం... చేతిలో గునపం. మెల్లగా తల ఇటు తిప్పింది.

"లైటార్పు బావూ. ఎవులైనా సూస్తారు."

కూర్మమ్మ!

పగలు ముట్టుకోనివ్వరని రాత్రుళ్లు తవ్వుకుంటోందట. రాయి మొదలంతా సిమెంటు. ఆ ముసలి చేతులకి అది ఎక్కడ కదులుతుంది?

త్రినాథ్ పక్కన కూలబడి గుసగుసగా ఒక ఉపాయం చెప్పాడు. రేపు అందరి ముందూ పూనకం తెచ్చుకో అమ్మా, నన్ను ఇక్కడినుంచి తియ్యండని అమ్మోరే అడిగినట్టు చెప్పు, ఊరంతా కలిసి తీసేస్తారు అని.

"తప్పు బావూ. అమ్మోరి పేరెట్టి అబద్ధమాడతానేటి?"

రాయి మీది పసుపుని చేత్తో తడిమింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"దీనికి పసుపు రాసింది నానే. తల్లీ, నువ్వే కాసింత అవతలకి జరుగు అని మొక్కుకున్నాను. నా పసుపే నాకు అడ్డం పడతాదనుకోలేదు."

గునపం అతని చేతికిచ్చింది.

"నీకు సత్తువున్నాది. కానియ్యి."

ఉత్తర్వు జేబులో ఉంది. కనుచూపు మేరలో మనిషి లేడు. త్రినాథ్ రాయికి ఎదురుగా నిలబడి, గునపం పైకెత్తాడు...

ఎత్తిన గునపం దిగలేదు.

కూర్మమ్మ చుక్కల వెలుగులో అతని వట్టి పాదాల వైపు చూసింది. చెప్పులు దూరంగా గట్టు మీద విడిచి ఉన్నాయి. ఎప్పుడు విప్పాడో అతనికే తెలీదు.

"నువ్వూ అంతేనేటి బావూ," అని, ఆవిడ గునపం వెనక్కి తీసుకుంది.