చప్పుడు లేని బండి

తిరుపతిలో మా ల్యాబ్ కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది. వాన వెలిసిన సాయంత్రాల్లో ఘాట్ రోడ్డు మీద బస్సుల లైట్లు ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతుంటాయి. పోయిన నవంబరులో రోజూ ఆ టైముకి నేను అక్కడే ఉండేదాన్ని. టీ చల్లారిపోయేది, నేను మాత్రం కుర్చీలో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

పీహెచ్‌డీలో అది నాకు ఐదో ఏడు. కరెంటు స్కూటర్లలో వాడి వాడి నీరసపడిన బ్యాటరీలను పారేయకుండా, నాలుగైదు కలిపి ఆటోలకు పనికొచ్చేలా చేయాలి. అదీ నా పరిశోధన. ఒక్కో బ్యాటరీ ఒక్కో రకంగా ముసలిదై ఉంటుంది. దేని ఓపికను బట్టి దాని దగ్గర అంత కరెంటే తీసుకునే కన్వర్టర్ ఒకటి తయారుచేశాను. డిసెంబరు ఆఖరుకు ఫలితాలు చూపించకపోతే ఐదేళ్ళూ నీళ్ళపాలే. మా గైడ్ యోగానంద సార్ మంచివారే. కానీ వరండాలో ఎదురైనప్పుడల్లా "ఏమ్మా లోహితా, ఎంతవరకు వచ్చింది?" అనేవారు. ఆ మాట నాకు నిద్రలో కూడా వినిపించేది.

బ్యాటరీలు చిత్తూరులో పాత బండ్ల వ్యాపారం చేసే మునస్వామి దగ్గర తెచ్చుకున్నాను. మొత్తం ఎనిమిది. వాటికి నంబర్లు వేసి బల్ల మీద వరసగా పెట్టాను. పొద్దున పరీక్షలు, సాయంత్రం వాటికి విశ్రాంతి. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా కంప్యూటర్ వాటిని గమనిస్తూనే ఉంటుంది. బ్యాటరీ నుంచి కరెంటు పోకపోతే తెర మీద గీత నేల మీద తాడు పరిచినట్టు తిన్నగా ఉండాలి.

ఏడో నంబరు గీత తిన్నగా లేదు.

సాయంత్రం ఆరు నలభైకి అది లేచింది. పైకి పోయింది, దిగింది, మళ్ళీ లేచింది. కంప్యూటర్ వైరు తప్ప దానికి ఇంకేదీ తగిలించలేదు. అయినా లోపలున్న చార్జింగ్ తగ్గుతోంది. సరిగ్గా ఇరవై మూడో నిమిషంలో గీత నిటారుగా ఒక్కసారి ఎగిరి, సున్నా దగ్గర పడిపోయింది. ఇక కదల్లేదు.

సెన్సర్ పాడైందనుకుని మార్చాను. మరునాడు అదే టైముకి అదే గీత. బ్యాటరీని వేరే బల్ల మీదికి మార్చాను. అదే గీత. నాలుగు రోజులు గింజుకున్నాను. నాలుగు కాగితాల మీద అచ్చు వేసి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

మా ల్యాబ్ అటెండర్ గంగాధరం అన్న తాళాలు వేయడానికి వచ్చి, నా వెనక నిలబడి తెర వంక చాలాసేపు చూశాడు.

"మేడం, ఇది ఎవురో బండి తోలతా ఉండారు," అన్నాడు.

"ఏందన్నా?"

"సూడండి. ఈడ ఎక్సలేటర్ తిప్పినాడు. ఈడ తగ్గించినాడు, స్పీడ్ బ్రేకర్. మళ్ళీ తిప్పినాడు. ఇది ఎత్తు, కరెంటు ఎక్కువ లాగతా ఉండాది. ఈడ..." ఇరవై మూడో నిమిషం దగ్గర అతని వేలు ఆగింది. "ఈడ పడిపోయినాడు."

రెండేళ్ళుగా బండ్ల మీద మీటర్లు కట్టి ఇలాంటి గీతలే పోగుచేసిన దాన్ని నేను. నాకు తెలీక కాదు. ఒప్పుకోవడానికే నోరు రాలేదు.

మునస్వామికి ఫోన్ చేశాను.

"ఏడోదా? ఆగు పాపా... ఆఁ, అది యాక్సిడెంట్ బండిది. తోలిన పిల్లోడు పోయినాడులే. సుందరరాజు అని, పుత్తూరులో పని చేసేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోతా పోతా కల్వర్టు గోడకి కొట్టుకున్నాడు. ఇల్లు కార్వేటినగరం అవతల. పెండ్లాం వచ్చి బండి అమ్మేసింది. బ్యాటరీకి ఏం కాలేదు పాపా, బాగుండాదే?"

"బాగుంది," అన్నాను.

ఆ రోజు సాయంత్రం గీత ఎప్పటిలాగే ఎగిరి పడింది. నేను బ్యాగు సర్దుకున్నాను. లైటు ఆర్పబోతూ ఎందుకో వెనక్కి చూశాను. సున్నా దగ్గర పడుకున్న గీత వణుకుతోంది. కొంచెం లేచింది, పడింది. మళ్ళీ లేచింది. దెబ్బలు తగిలిన మనిషి బండి లేపుకుని తోసుకుపోతున్నట్టు... రెండు నిమిషాలు కదిలి ఆగిపోయింది.

నాకు భయం కాదు, ఏడుపు వచ్చింది. పాపం, ఇల్లు చేరాలని ఎంత ఆరాటమో. ఇంటి దగ్గర పెళ్ళాం వాకిట్లో చూస్తూ ఉండి ఉంటుంది. అంతవరకు ఆ బ్యాటరీని సగం చార్జింగులోనే ఉంచేదాన్ని. ఆ రోజు నిండా చార్జింగ్ పెట్టాను. దాని మీద చెయ్యి వేసి, "పో నాయనా, ఇంటికి పో," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మరునాటి నుంచి ఆ గీత కల్వర్టు దగ్గర ఆగలేదు. రోజు రోజుకీ ఇంకాస్త ముందుకు పోయేది. నేను రోజూ నిండా చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. అన్నం సయించేది కాదు. మునస్వామిని అడిగి వాళ్ళ ఇంటి అడ్రసు తీసుకుని, ఫోనులో మ్యాపు తెరిచి, గీతను బట్టి ఎంత దూరం వచ్చాడో లెక్కగట్టి చుక్క పెట్టుకునేదాన్ని. నాలుగో రోజుకు చుక్క కార్వేటినగరం దాటింది. ఇల్లు ఇంకో రెండు కిలోమీటర్లు.

రేపు చేరతాడు. అనుకోగానే ఆయన భార్యకు చెప్పకుండా ఉండలేననిపించింది. అడ్రసు ఎలాగూ ఉంది. మరునాడు గంగాధరం అన్నను తెర ముందు కూర్చోబెట్టి, మధ్యాహ్నం బస్సెక్కాను. పుత్తూరులో బస్సు మారేసరికి వాన. కార్వేటినగరంలో షేర్ ఆటో దొరికేసరికి ఐదున్నర.

ఊరి చివర మామిడి తోటను ఆనుకుని చిన్న కాలనీ ఇల్లు. గుమ్మం మీద శిలువ గుర్తు. వాకిట్లో చాటలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మాయి లేచి నిలబడింది. పాతికేళ్ళు ఉంటాయేమో. సుందరరాజు భార్య కృపారాణి.

తిరుపతి నుంచి వచ్చానని, చదువుకుంటున్నానని చెబితే లోపల కుర్చీ వేసి టీ పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు తీసి చూపించాను. బ్యాటరీ, ఆరు నలభై, ఇరవై మూడో నిమిషం... అంతా చెప్పాను. ఆమె వింటూ ఉంది. మొహంలో ఏమీ కదల్లేదు.

"ఇప్పుడు ఎంత దూరం వచ్చినాడక్కా?" అంది.

"కార్వేటినగరం దాటినాడు. ఈ పొద్దు ఇల్లు చేరతాడేమో," అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను.

ఆమె లేచి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. బయట ఇంకా వెలుతురు ఉంది.

"దానికి చార్జింగ్ ఎవురు పెడతా ఉండారు?"

"నేనే."

"ఎంత పని చేసినావక్కా..."

జాకెట్టు చెయ్యి మోచేతి పైకి జరిపింది. ముంజేతి ఎముక ఒకచోట వంకరగా అతుక్కుని ఉంది. మెడ పక్కన పాత మచ్చ ఒకటి, గ్లాసు అంచు అంత.

"ఆ పొద్దు ఆడ బయల్దేరతా ఫోన్ చేసినాడు. 'వస్తా ఉండా. ఈ రాత్రితో నిన్ను వదిలించుకుంటా' అన్నాడు. ఉత్త మాట కాదక్కా, ఆయప్ప గొంతు నాకు తెలుసు. ఇదో, ఈడనే మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేసినా. ప్రభువా, ఆయప్ప ఇల్లు చేరకూడదు... అదొక్కటే అడిగినా. చేరలేదు." తగ్గు గొంతుతో అంది. "ముందు పెట్రోలు బండి ఉన్నింది. మలుపు దగ్గర చప్పుడు వినిపించగానే ఇంటెనక నుంచి తిరుమలమ్మత్త ఇంటికి పోయేదాన్ని. ఈ కరెంటు బండి కొన్నాక, వాకిట్లోకి వచ్చి నిలబడేదాకా తెలిసేది కాదు."

చప్పుడు ఉండదు. నా ప్రతి సెమినార్‌లో మొదట చెప్పే గొప్ప అదే.

గంగాధరం అన్నకు ఫోన్ చేశాను. ఆరు ముప్పై ఐదు.

"అన్నా, ఏడో నంబరుకి ఉండే వైర్లన్నీ పీకెయ్యి. పెద్ద బల్బుల బోర్డు ఉంది కదా, దానికి తగిలించు. చార్జింగ్ మొత్తం దిగిపోవాలి."

"ఎందుకు మేడం?"

"తర్వాత చెప్తా. బిరీన కానీ అన్నా."

ఇక్కడి నుంచి వెళ్ళిపోదాం పద అన్నాను. కృపారాణి తల అడ్డంగా ఊపింది. ఊరికి ఒకటే దారి. పోతే ఎదురొస్తాడు. తిరుమలమ్మ మంచం పట్టిన భర్తను, మనవరాలిని లోపల ఉంచి బయట తాళం వేసుకుని పోయింది, పాల కేంద్రం నుంచి ఏడున్నరకు గానీ రాదు.

ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

"మేడం, బల్బులు తగిలించినా. ఎలగతా లేవు."

"బ్యాటరీ అయిపోయిందా?"

"లేదు మేడం. నిండుగా ఉండాది. బల్బులకి మాత్రం ఇయ్యడం లేదు." గంగాధరం అన్న గొంతు తడబడింది. "కంప్యూటరు వైరు కూడా పీకేసినా. గీత వస్తానే ఉండాది."

ఆరు నలభై దాటింది. చీకటి పడింది. ఎక్కడో రేకు మీద వాన నీళ్ళు ఒక్కో బొట్టు పడుతున్నాయి. కృపారాణి పొయ్యి ఆర్పి, నా పక్కన నేల మీద కూర్చుంది. నా పెదాల వంకే చూస్తోంది. లేచి కిటికీ దాకా వెళ్ళి వస్తున్నాను, కూర్చుంటున్నాను, మళ్ళీ లేస్తున్నాను. గంగాధరం అన్న అయిదు నిమిషాలకొకసారి ఒక ముక్క చెబుతున్నాడు.

"కల్వర్టు దాటినాడు."

"ఊరు దాటినట్టుండాది మేడం. జోరుగా పోతా ఉండాడు."

"తగ్గించినాడు..."

"మలుపు..."

ఏడు ఇరవై నాలుగు.

"నిలిచిపోయింది మేడం."

ఊపిరి బిగబట్టి విన్నాను. ఇంజిను చప్పుడు లేదు. అడుగులు లేవు. స్టాండు వేసిన చప్పుడు కూడా లేదు. బొట్టు... బొట్టు... వాన నీళ్ళే. తలుపు సందులోంచి మాత్రం ఒక వాసన వచ్చింది. తడిసి ఎండీ ఎండని బండి సీటు వాసన.

"మేడం," గంగాధరం అన్న గుసగుసలాడాడు. "గీత సున్నా కిందికి పోతా ఉండాది. అంటే చార్జింగ్ ఎక్కతా ఉన్నట్టే కదా? నేను దేనికీ తగిలించలేదు."

"కృపా," అన్నాను. "బండికి చార్జింగ్ యాడ పెట్టేవాడు?"

ఆమె వేలు ఎత్తింది. కిటికీ పక్కన స్విచ్ బోర్డు. బండి బయట నిలబెట్టి, కిటికీ ఊచల్లోంచి వైరు లోపలికి ఇచ్చేవాడట. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ప్లగ్గులో ఏమీ లేదు.

స్విచ్ టక్కున కిందికి పడింది.

ఇంట్లో బల్బు పచ్చబడి మసకబారింది.

కృపారాణి నా ముంజెయ్యి పట్టుకుని లాగింది. వెనక తలుపు తీసి బురదలో పడి పరిగెత్తాం. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. నాలుగిళ్ళ అవతల తిరుమలమ్మ అప్పుడే తాళం తీస్తోంది. ఆ పరుగు ఆమెకు కొత్త కాదు. ఇద్దర్నీ లోపలికి నెట్టి తలుపు వేసి, తానే దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎవురూ రారు. గమ్మున కూర్చోండి," అంది.

మంచం మీద ఆమె భర్త, పక్కన నిద్రపోతున్న మనవరాలు. లైటు తెల్లగా వెలుగుతోంది. గోడకు ఆనుకుని కూర్చున్నాం. కృపారాణి నా చెయ్యి వదల్లేదు. పది నిమిషాలు గడిచాయి. నా గుండె కాస్త కుదుటపడింది.

ఫోన్ మోగింది. చెవికి గట్టిగా నొక్కి పెట్టుకున్నాను.

"మేడం... మళ్ళీ కదిలింది. వెనక్కి పోతా ఉండాడు, వచ్చిన దారినే." గంగాధరం అన్న గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "కానీ గీత ఇందాకటి కన్నా చానా ఎత్తుగా ఉండాది. ఒక మనిషికి అంత లాగదు మేడం. ఇద్దరు ఎక్కినట్టుండాది."

గదిలోకి చూశాను. తలుపు దగ్గర తిరుమలమ్మ. మంచం మీద ఆమె భర్త, మనవరాలు. నా పక్కన కృపారాణి, వేళ్ళు నా చేతిలోనే. కృపారాణి ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ ఉండరు.

"మేడం? ఉండారా?"

ఫోన్ కట్ చేశాను. ఏమీ లేదు, వెళ్ళిపోయాడు అని చెబుదామని కృపారాణి వైపు తిరిగాను. ఆమె అప్పటికే నా చెవి దగ్గరికి వంగి ఉంది.

"వెనక ఎవురిని ఎక్కించుకున్నాడక్కా?" అంది.