నైరుతి గది

పొద్దున్నే వదిన ఇచ్చిన కాఫీ తాగి, గీతాంజలి కొత్త ఇల్లు చూడడానికి బయల్దేరింది. పొదిలిలో అన్నయ్య వేణుగోపాల్ కట్టిస్తున్న ఇల్లది. ప్లాను గీసింది ఆమే. గుంటూరులో, కరెంటు పొదుపు ప్రమాణాల ప్రకారం కొత్త ఇళ్ళకు ప్లాన్లు గీయడం ఆమె ఉద్యోగం.

అన్నయ్య వెంట లోపలికెళ్ళి, నైరుతి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"పడమర రెండు వరసల గోడ, మధ్యలో ఖాళీ అని గీశాను కదన్నయ్యా. ఇదేంటి, ఒంటి గోడ కట్టించావు? కిటికీ ఏది? సన్‌షేడ్ ఏది?"

"నైరుతి మూసి ఉండాలన్నారు సిద్ధాంతిగారు. ఆ మూల పెద్దవాళ్ళది. అమ్మకి ఆ గది ఇవ్వకపోతే ఊళ్ళో నన్నేమంటారు?"

"ఊరి సంగతి సరే. అమ్మ ఉడికిపోతుంది."

"ఏసీ పెట్టిస్తాలే."

"కరెంటు పోతే?"

"నీ ప్రమాణాలు నీ ఆఫీసులో పెట్టుకో. పాతింట్లో నాన్న ఉన్నదీ నైరుతి గదిలోనే."

"పోయిందీ అందులోనే."

తండ్రి మార్కండేయులు కిందటేడు వడదెబ్బకు పోయారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పని మనిషి లేడు, గోడ కట్టేటప్పుడు మాత్రం అది ఒక్కడికీ గుర్తురాదు. అప్పటినుంచి తల్లి రాఘవమ్మకు ఏడుపూ లేదు, నవ్వూ లేదు. పెడితే తింటుంది, లేదంటే లేదు.

మధ్యాహ్నం మూడు దాటాక, ఎండ మండిపోతుంటే, ఆమె ఇంట్లో కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్ళిన అన్నాచెల్లెళ్ళకు ఆ నైరుతి గదిలోనే దొరికింది, పడమటి గోడకు వీపు ఆనించి.

"నా గదటగా, చూద్దామని వచ్చాను."

లేపబోతూ వేణుగోపాల్ గోడమీద చెయ్యేసి చటుక్కున తీసేశాడు. పెనంలా కాలుతోంది. ఆమె ఒళ్ళూ కాలుతోంది.

"వేడిగా లేదా అమ్మా?"

"నాకేం తెలియట్లేదురా. మీ నాన్న కూడా ఆ రోజు ఇదే అన్నారు. నిద్రపోయారనుకున్నాం."

వేణుగోపాల్ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని బయట చెట్టునీడలోకి తెచ్చాడు. మేస్త్రికి ఫోను చేశాడు.

"ఆ పడమటి గోడ తీసెయ్. చెల్లి గీసినట్టే కట్టు."

"సిద్ధాంతిగారు ఒప్పుకోరేమోనండి."

"ఆయన్నొచ్చి ఒక పూట ఆ గోడకి ఆనుకుని కూర్చోమను."

గీతాంజలి చున్నీ తడిపి తల్లి మెడమీద వేసింది. రాఘవమ్మ ఉలిక్కిపడింది.

"చల్లగా ఉందే" అంది. మొగుడు పోయాక మొదటిసారి, కొడుకు చొక్కా పట్టుకుని ఏడ్చింది.